వెనిస్‌లో దారి అడిగిన రోజు

పోయిన ఆదివారం గుడిలో ప్రసాదం వరసలో నిలబడి ఉండగా మా సబ్‌డివిజన్ కాలనీలోనే ఉండే ఒకమ్మాయి వెనకనుంచి భుజం తట్టింది. వాళ్ల ఇరవయ్యైదో పెళ్లిరోజు వస్తోందట. "అక్కా, మీ వెనిస్ ఐటినరరీ వాట్సాప్ చేయరా, మేమూ అదే ఫాలో అయిపోతాం" అంది. మిషిగన్‌లోని మా నోవైలో తెలుగువాళ్లెవరూ సొంత బుర్రతో ఏ ఊరూ వెళ్లరు. ముందు వెళ్లొచ్చినవాళ్ల ప్లాన్ పది ఇళ్లు తిరుగుతుంది. అందరూ అదే హోటల్లో దిగుతారు, అదే వంతెన మీద అదే భంగిమలో ఫొటో తీయించుకుంటారు, పప్పన్నం ఎక్కడ దొరుకుతుందో కూడా అందులోనే ఉంటుంది. సరేనని ఇంటికొచ్చి లాప్‌టాప్ తెరిచాను. మా అమ్మాయి ఎంతో శ్రద్ధగా తయారుచేసిన ప్లాన్ అది. పెళ్లిరోజు ఉదయం గోండోలా పడవలో షికారు, తర్వాత గాజుసామాను తయారుచేసే ద్వీపం, సాయంత్రం చర్చిలో సంగీతం. వాటిలో ఒక్కటీ మేం చేయలేదు. ఆ రోజు ఏం జరిగిందో ఇక్కడ ఎవరికీ చెప్పలేదు కూడా. ఆ ప్లాన్ ఉన్నది ఉన్నట్టు ఆ అమ్మాయికి పంపించేశాను.

మావారిది కార్ల సీట్లు డిజైన్ చేసే ఉద్యోగం. దారుల విషయంలో ఆయనకున్న పొగరు ఇంతా అంతా కాదు. ఒకసారి వెళ్లిన చోటికి మళ్లీ అడ్రస్ ఎందుకంటారు. జీపీఎస్ పెడితే మొహం మాడ్చుకుంటారు, అందుకని నేను ఫోన్ ఒళ్లో దాచుకుని దొంగతనంగా చూసుకునేదాన్ని. ఇక కారు ఆపి ఎవరినైనా దారి అడగడమంటే ఆయనకు తల కొట్టేసినట్టే. పదో పెళ్లిరోజుకి మొదటిసారి వెనిస్ వెళ్లినప్పుడు, పాపను స్నేహితుల ఇంట్లో వదిలి, సూట్‌కేసులో బుల్లి రైస్ కుక్కర్, ఓ సీసాడు పులిహోర పులుసు పెట్టుకుని బయల్దేరాం. హోటల్ గదిలో అన్నం సగం ఉడికిందో లేదో అంతస్తు మొత్తం కరెంటు పోయింది. మేమూ అందరితో పాటు వరండాలోకి వచ్చి, ఏమైంది ఏమైంది అని ఆశ్చర్యపోయాం. ఆ పలుకన్నంలోనే పులిహోర కలిపి డబ్బాలో పెట్టుకుని ఊరు చూడటానికి వెళ్లాం. ఆ ఊళ్లో కార్లు తిరిగే వీధులు లేవు. సందులు, మెట్ల వంతెనలు, మలుపు తిరిగితే కాలవ. గోడల మీద పసుపు పలకలు ఒకే చోటికి కుడికీ ఎడమకీ కూడా బాణం చూపిస్తాయి. అయినా ఆయన మ్యాప్ ముట్టుకోలేదు. నాచు వాసన, సబ్బు వాసన కలిసి వచ్చే సందుల్లో, తలమీద ఆరేసిన దుప్పట్ల కింద నన్ను తిప్పి తిప్పి, మూతేసిన రాతిబావి ఉన్న ఒక చిన్న చౌకులో తేల్చారు. ఆ బావి మెట్టు మీద కూర్చుని తిన్నాం. ఎండ, పావురాలు, ఎవరి కిటికీలోంచో రేడియో పాట. ఆ పులిహోర అంత రుచిగా మళ్లీ ఎప్పుడూ కుదరలేదు. తిరుగుదారిలో ఒక్క మలుపు కూడా తప్పకుండా హోటల్‌కి తీసుకొచ్చారు.

అలాంటి మనిషి కిందటి చలికాలంలో, ఏళ్ల తరబడి తిరిగే టెన్ మైల్ రోడ్డు మలుపు దగ్గర బండి నెమ్మది చేసి, "ఇక్కడ లెఫ్టేనా?" అన్నారు. మంచు కప్పేసింది కదా, పోల్చుకోలేకపోయారని సర్దిచెప్పుకున్నాను. మంచు కరిగింది. ఒక ఆదివారం పొద్దున కూరగాయలకని వెళ్లిన మనిషి ఎంతసేపటికోగానీ రాలేదు, వచ్చి ట్రాఫిక్ అన్నారు. ఆదివారం పొద్దున నోవైలో ట్రాఫిక్ ఏమిటి? క్యారీ అనే ఊళ్లో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి ఫోన్ చేసి, "అమ్మా, డాడ్ సేమ్ క్వశ్చన్ మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. యూ నోటీస్ చేశావా?" అంది. చేయకేం? చేయనట్టు కనబడటమే నాకు పనైపోయింది. చివరికి న్యూరాలజిస్టు దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకున్నాం. మావారు కాదనలేదు గానీ ఒక షరతు పెట్టారు. ముందు ముప్పయ్యో పెళ్లిరోజు వెనిస్‌లో చేసుకుందాం, డాక్టర్ సంగతి తిరిగొచ్చాక చూద్దామన్నారు. ఇద్దరం ఆ మాట అంతటితో ఆపి సూట్‌కేసులు సర్దుకున్నాం.

దారి మరిచిపోతున్నాడేమోనని భయమున్న మనిషిని వెనిస్ తీసుకెళ్లడంకంటే తెలివితక్కువ పని ఇంకోటి ఉంటుందా? అక్కడ అందరూ దారి తప్పుతారు. పాతికేళ్ల కుర్రాళ్లు ఫోన్లు అటూ ఇటూ తిప్పుకుంటూ, వచ్చిన వంతెనే మళ్లీ ఎక్కుతుంటారు. ఈయన ఒక మలుపు దగ్గర ఆగారంటే తప్పు ఊరిదా, ఈయనదా? నాకు తేలేది కాదు. ఆ చర్చీలు, మేడలు నేను చూసిందే లేదు, రోజంతా ఆయన మొహమే చూస్తూ నడిచాను. మన గది ఏ అంతస్తండీ, నిన్న రాత్రి ఏం తిన్నామండీ అని మాటల్లో మాటగా అడిగేదాన్ని. ఆయన సరిగ్గా చెప్తే కాసేపు ఊపిరి తీసుకునేదాన్ని, మళ్లీ మామూలే. కాలవల పక్కన చాలాచోట్ల పిట్టగోడ కూడా ఉండదు. ఆయనకు ఈత రాదు. ఎప్పుడూ నీళ్లవైపు నేనే నడిచేదాన్ని.

పెళ్లిరోజు ఉదయం నేను తల దువ్వుకుంటుంటే ఆయన బూట్లు తొడుక్కుని గుమ్మం దగ్గర నిలబడ్డారు. "ఇప్పుడే వచ్చేస్తా" అన్నారు. ఎక్కడికి అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ మా ఇళ్లల్లో గడప దాటే మనిషిని ఎక్కడికని అడగకూడదు, అడిగితే వెళ్లే పని చెడుతుందంటారు. కొత్తకోడలిగా ఒకసారి నోరు జారితే మా అత్తగారు ఆయన్ని మళ్లీ లోపలికి పిలిచి, కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి పంపించారు. తుమ్ములూ పిల్లులూ అన్నీ ఇండియాలోనే వదిలేసి విమానం ఎక్కాను గానీ ఇదొక్కటి నాతోపాటు మిషిగన్ వచ్చేసింది. అందుకని ఆ పూట కూడా, అన్నీ తెలిసి, జాగ్రత్తగా వెళ్లి రండి అని మాత్రమే అన్నాను. తలుపు మూసుకున్నాక చూస్తే ఆయన ఫోన్ మంచం పక్కన ఛార్జింగ్‌లో ఉంది.

కాఫీకే వెళ్లి ఉంటారనుకున్నాను. కిటికీ దగ్గరికి, తలుపు దగ్గరికి తిరిగాను. కాఫీ తాగొచ్చే సమయం దాటింది, పది కాఫీలు తాగే సమయమూ దాటింది. కిందికి దిగి రిసెప్షన్‌లో అమ్మాయికి చెప్పాను. ఇది ద్వీపం మేడమ్, మీవారు ఎక్కడికీ పోలేరు అని నవ్వింది. ద్వీపం చుట్టూ ఏముంటుందో నాకు గుర్తొచ్చింది. అక్కడ నిలబడలేక బయటపడ్డాను. ఆ బావి చౌకుకే వెళ్లి ఉంటారని తట్టింది. తీరా వెతకబోతే నాకూ దారి తెలియదు. ఆ ఊళ్లో ఏ చౌకు చూసినా మూతేసిన రాతిబావి ఒకటి ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. ఆయన వేసుకెళ్లినలాంటి గళ్లచొక్కా ఒకటి కనిపిస్తే పరుగెత్తి చేయి పట్టుకున్నాను, ఆయనెవరో పాపం అదిరిపడ్డాడు. పోలీసులకు చెప్పాలా, అమ్మాయికి ఫోన్ చేయాలా, చేసి ఏమని చెప్పాలి? ఎక్కడికి వెళ్లారో నువ్వు అడగలేదా అంటే ఏమనాలి? వేంకటేశ్వరస్వామికి ఎన్ని మొక్కులు మొక్కుకున్నానో ఇప్పుడు లెక్క తెలియదు. ఫోన్‌లో బాణం పట్టుకుని ఎలాగో హోటల్ వైపు తిరిగొచ్చాను.

మా హోటల్ ముందు చిన్న వంతెన ఉంటుంది. దానికి అవతల, పళ్లు అమ్మే బండి దగ్గర ఆయన నిలబడి ఉన్నారు. చేతిలో హోటల్ కార్డు. దాన్ని పళ్లమ్మే ఆవిడకు చూపిస్తున్నారు. ఆవిడ చేత్తో వంతెన చూపించి ఏదో చెప్తుంటే, బడిపిల్లాడిలా బుద్ధిగా తల ఊపుతున్నారు. ముప్పయ్యేళ్లలో ఆయన ఒకరిని దారి అడగడం నేను చూడటం అదే మొదలు. హోటల్ బోర్డు ఆయన నిలబడ్డచోటికి కనిపిస్తూనే ఉంది. నాకు ఏడుపు ఆగలేదు.

నన్ను చూసి ఆయన దాచడానికేమీ ప్రయత్నించలేదు. "బావి దొరకలేదు. గుర్తుందో లేదో నన్ను నేను చూసుకుందామని వెళ్లా. వెనక్కి రావడం కూడా తెలియలేదు. మలుపు మలుపుకీ అడుక్కుంటూ వచ్చా" అన్నారు. తర్వాత, "భయంగా ఉందే" అన్నారు. నాకూ భయంగానే ఉందండీ అన్నాను. నెలల తరబడి ఇద్దరం ఒకరికి తెలియకుండా ఒకరం మోసుకు తిరిగిన మాట అది. బయటికి అనేశాక గుండెలమీద బరువు తగ్గలేదు గానీ దాన్ని ఒక్కదాన్నే మోయాల్సిన పని తప్పింది. ఇకమీదట ఎక్కడికని అడుగుతూ ఉండు, ఏ పనీ చెడదులే అని కూడా ఆయనే చెప్పారు.

బోటు ఎక్కే రేవులో బల్ల మీద కూర్చున్నాం. గోండోలా వేళ ఎప్పుడో దాటిపోయింది. పడవలు వచ్చి పోతుంటే నీళ్లు రేవు చెక్కలకు కొట్టుకుంటున్నాయి. ఆ బావి దగ్గర ఏం జరిగిందో చెప్పమన్నారు. చెప్పాను. పలుకన్నం, పావురాలు, రేడియో, మంచి ఎండ. ఇంకెవరి కథో వింటున్నట్టు విన్నారు. నా మనసు చివుక్కుమంది. అంతలో ఆయన ఆపారు.

"ఎండేంటి? అప్పటిదాకా వాన పడి వెలిసింది. నీ చెప్పు తెగింది. నా చెప్పులు నీకిచ్చి నేను వట్టికాళ్లతో నడిచా. రాళ్లు ఎంత చల్లగా ఉన్నాయో."

నాకు ఆ సంగతి గుర్తు లేదు. ఎంత తడుముకున్నా లేదు. ఎన్నోసార్లు ఎంతోమందికి ఎండలో కూర్చున్నామని చెప్పుకున్న నాకు వాన పడినట్టే తెలియదు. కాసేపయ్యాక మాత్రం, కాళ్లకు పెద్దవైన చెప్పులేవో తపతపలాడిస్తూ నడిచిన గుర్తు లీలగా వచ్చింది. అది నిజంగా గుర్తొచ్చిందో, ఆయన చెప్పగా వచ్చిందో తెలియదు.

తిరిగొచ్చాక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. పరీక్షలన్నీ అయ్యాక ఆవిడ జబ్బు పేరు మెల్లగా చెప్పింది, ఇది మొదటి దశే అంది, మందులు రాసింది. ఎంత కాలానికి ఏమవుతుందో చెప్పలేనంది. సాయంత్రాలు టీ కప్పులు పట్టుకుని ఇంటి వెనక డెక్ మీద కూర్చున్నప్పుడు ఇప్పుడు కూడా ఆయన్ని ప్రశ్నలు అడుగుతాను. నిన్న ఏం తిన్నామని అడగడం మానేశాను. మన మొదటి అపార్ట్‌మెంట్‌లో కిటికీలోంచి ఏం కనిపించేదండీ, పాప పుట్టిన రోజు ఆస్పత్రికి వెళ్లేదారిలో నేనేమన్నానండీ అని అడుగుతాను. నిజంగా నాకు తెలియకే అడుగుతున్నాను. కొన్నిటికి ఆయన ఠక్కున చెప్తారు, కొన్నిటికి చాలాసేపు చెట్లవైపు చూసి ఊరుకుంటారు. గడిచిన కాలమంతా నా దగ్గర భద్రంగా ఉందనుకుని ఇన్నాళ్లూ ధీమాగా ఉన్నాను. నా కాలంలో సగం ఆయన దగ్గర ఉంది, అది అక్కడినుంచి వెళ్లిపోయేలోపు ఒక్కొక్కటే అడిగి తెచ్చుకోవాలి.