తోలు ముక్కల మీద పరీక్ష

పుస్తకాలు బైండింగు చేసే ఆయన్ని వీధిలో అందరూ అనుమానం మావయ్య అనేవాళ్ళు. మావయ్య అన్న వరస మేనకోడలు ఒక్కదానిదే. అనుమానం మాత్రం అందరికీ పంచిపెట్టాడు. ఎవరైనా పాత పుస్తకం తెస్తే వాళ్ళ ఎదురుగానే పేజీలన్నీ లెక్కపెట్టి, చీటీ మీద రాసి, సంతకం పెట్టించుకునేవాడు. రేపు ఒక పేజీ తగ్గిందంటే ఎవడు పడాలి మాట? మైదా జిగురు తనే ఉడికించేవాడు, పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం తనే కలిపేవాడు. భార్యను కూడా గరిటె ముట్టనివ్వడు.

"మంచినీళ్ళు వడకట్టి, ఆ వడకట్టిన గుడ్డని అనుమానించే రకం ఈయన," అనేదావిడ.

అలాంటి మనిషికి కడుపులో పుండు పడింది. మాత్రలు వేసుకుంటే తగ్గేది, మానగానే తిరగబెట్టేది. చివరికి మాత్రలకీ లొంగక ఒకసారి నల్లగా విరేచనం అయ్యేసరికి ఇంటిల్లిపాదీ హడలిపోయారు. ఆసుపత్రిలో నోట్లోంచి గొట్టం వేసి చూసిన డాక్టరు, పుండు ఇంకా లోతుకు దిగితే ఆపరేషన్ తప్పదన్నాడు.

మేనకోడలు ఆ ఆసుపత్రిలోనే మందుల మీద పరిశోధన చేస్తోంది. అతిమధురం వేరు సారాన్ని సముద్రపు నాచు నుంచి తీసిన జిగురుతో కలిపి ఒక పొడి తయారుచేసింది. కడుపులో పులుపు తగలగానే ఆ పొడి చిక్కబడి పుండు మీద పూతలా కూర్చుంటుంది, వేరు సారం దాని కింద మెల్లగా పనిచేస్తుంది. పదిమంది రోగులు, ఎనిమిది వారాలు, డాక్టరు మాత్రలకు తోడుగా రోజూ పొద్దున్నే ఒక పొట్లం. ఆ పదిమందిలో మావయ్యనూ చేర్చింది.

"జిగురు గురించి నాకు చెప్తావా అమ్మాయ్? పేగులన్నీ అట్టల్లా అతుక్కుపోతే?"

"అతుక్కోవు మావయ్యా. పనయ్యాక అదే కరిగిపోతుంది."

"కరిగిపోయేదాన్ని జిగురని ఎవరంటారే?"

పొట్లాలు తీసుకున్నాడు గానీ నమ్మకం కుదరలేదు. మర్నాడు దుకాణం తలుపు దగ్గరగా వేసి, ఒక పొట్లం చింపి, వెనిగర్ చుక్కలు వేసి కలిపాడు. పొడి చిక్కబడింది. దాన్ని రెండు తోలు ముక్కల మధ్య రాసి, పైన బరువు పెట్టి, ఆరాక లాగి చూశాడు. ఊడలేదు. అయినా ఒకరోజు సరుకు బాగుంటే రెండోరోజూ బాగుండాలని ఎక్కడుంది? రెండో పొట్లం మేకతోలు మీద రాశాడు, మూడోది గొర్రెతోలు మీద. అలా యాభై ఆరు పొట్లాలూ తోలుకే పోశాడు. ఖాళీ కాగితాలు మాత్రం వారం వారం దొంతర పెట్టి ఆసుపత్రిలో అప్పజెప్పేవాడు. ఎలా ఉందని అడిగితే "బాగానే సాగుతోంది" అనేవాడు. అది అబద్ధమని అతనికి తోచనేలేదు.

ఎనిమిది వారాలయ్యాక మళ్ళీ గొట్టం వేసి చూశారు. పుండు మరికాస్త దిగింది. ఆ సాయంత్రం మేనకోడలు దుకాణానికి వచ్చి స్టూలు మీద కూలబడింది. ఏడ్చినట్టుంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"తొమ్మిదిమందికి తగ్గుతోంది మావయ్యా. నీకే ఎదురు తిరిగింది. నేనే ఎక్కడో తప్పు చేశాను. నా చేత్తో నీకు విషం పోశానేమో."

ముందే చెప్పానుగా అనడానికి నోరు తెరిచినవాడు ఆ మాటతో నీరుగారిపోయాడు. సొరుగు లాగి, తారీఖులు రాసిన తోలు ముక్కలన్నీ బల్ల మీద పరిచాడు.

"ఒక్కటీ ఊడలేదమ్మాయ్. గట్టి సరుకు," అన్నాడు, మెచ్చుకుంటే కోపం తగ్గుతుందేమోనని.

ఆమె ఒక్కో ముక్కా తిప్పి చూసింది.

"ఈ తోలుకి పుండుందా మావయ్యా?"

అతనికి తల కొట్టేసినట్టయింది. "ఇంకో విడత ఇవ్వు. ఈసారి తాగుతాను. ఒట్టు."

"నిన్నెలా నమ్మను?"

ఎదుటివాళ్ళను అతను ఎన్నిసార్లు అడిగాడో ఆ మాట. తనను ఒకరు అడగడం ఇదే మొదలు.

పరిశోధనలోంచి అతని పేరు కొట్టేసింది. డాక్టరు కాళ్ళావేళ్ళా పడి ఆపరేషన్‌కి నాలుగు వారాలు గడువు సంపాదించింది. మర్నాడు పొద్దున్నే దుకాణానికి వచ్చి, గ్లాసులో పొడి తనే కలిపి చేతికిచ్చింది. అతను గటగటా తాగి గ్లాసు బోర్లించి చూపించాడు.

"నోరు తెరువు," అంది.

"తాగానే!"

"నాలుక పైకెత్తు."

వీధిలో పోయేవాళ్ళు ఆగి చూస్తుంటే, మావయ్య నాలుక పైకెత్తాడు.