మా తోటికోడలి చప్పిడి గంజి

మా తోటికోడలు వాంతిభేదితో పోయిందని మీలో కొందరు అంటున్నారట. కాదు. ఈ కరువులో ఏ చావునైనా ఆ ఖాతాలో వేసేయడం సులువు. ఆమెది నెత్తురు, జిగట పడే పాత పేగుజబ్బు. మొన్న దుత్తలూరులో, పుట్టింట్లో పోయింది. ఆత్మకూరులో ఉన్న మాకు కబురు చేరేసరికి అన్నీ అయిపోయాయి.

ఆ జబ్బు నెలల తరబడి కనిపించదు, మళ్ళీ వస్తుంది. మనిషి చిక్కిపోతుంది. మన ఊళ్ళలో ఆడది అలా చిక్కిపోతే, అన్నంలో ఎవరో పెట్టుమందు కలిపారంటారు. ఆ ఇంట్లో వండేది నేను. కాబట్టి ఆ ఎవరో కోసం పెద్దగా వెతకనక్కర లేకపోయింది.

కాపురానికొచ్చిన కొత్తలోనే ఆమె అన్నలు ఉదయగిరి నుంచి మందు తీసేవాణ్ణి పిలుచుకొచ్చారు. పొట్ట మీద నోరు పెట్టి పీల్చి, వెంట్రుకల ఉండ ఉమ్మి చూపించడం అతని విద్య. మొదలుపెట్టే ముందు నోరు పుక్కిలించమని చెంబు అందించాను. కోపమొచ్చి, వచ్చిన దారినే పోయాడు. నా మీద అనుమానం మాత్రం రెట్టింపయింది.

నా గంజి ముట్టొద్దన్నాడు పెద్దన్న. ఆమె తన రాతిచిప్ప దగ్గరికి లాక్కుంది.

"మందు పెట్టేవోళ్ళు రుచిగా వండుతారన్నా. మా అక్క వంటతో ఆ భయం లేదులే."

నా వంటను అంతకన్నా ఎవరూ మెచ్చుకోలేదు.

తన ఒంటిని ఆమె ఎప్పుడూ ఓ కంట కనిపెట్టేది. వేళ్ళ కణుపులు నొప్పెట్టినా, నోట్లో పుండు లేచినా, జబ్బు బయలుదేరిందనేది. ఆ పూట నుంచే కారం, పులుసు మాని, మెత్తటి గంజిలో పలుచటి మజ్జిగ. పని వదిలి పడుకునేది. అత్తగారు సణిగితే చెవిటిదైపోయేది.

"ఇది పోయేది కాదక్కా, వచ్చిపోయేది. దాంతో కొట్లాడితే మనమే చస్తాం" అనేది. అలాగే ముసలిదయింది.

ఈసారి జబ్బు తిరగబెట్టగానే అన్నలు బండి కట్టుకొచ్చారు. మా ఇద్దరి మనవళ్ళను పెంచిన నా చేతి నుంచి కాపాడతామని తీసుకుపోయారు. అక్కడ పెట్టుమందు పోవాలని కక్కించి, పైగా విరేచనానికి ఆముదం పట్టించారు. చెల్లెలి మీద ప్రేమ లేదని అనను. ఆ ప్రేమ చేతిలో ఆముదం గిన్నె ఉంది.

ఇప్పుడు ఆ పెద్దన్న చిన్నకోడలికీ నెత్తురు పడుతోందట. పెద్దకోడలి వంట మీద గుసగుసలు మొదలయ్యాయట.

దుత్తలూరు వైపు బండి కట్టేవాళ్ళెవరైనా మా ఇంటి ముందు ఆపండి. మా తోటికోడలి రాతిచిప్ప ఇస్తాను, గడ్డిలో చుట్టి తీసుకెళ్ళండి. అందులో నూకలు మెత్తగా కాచి, ఆ పెద్దకోడలి చేతనే చిన్నకోడలికి పెట్టించండి. ఆముదం ఎవరైనా తెస్తే, తెచ్చినవాణ్ణే ముందు తాగమనండి. చిప్ప అంచున మా తోటికోడలి బొటనవేలు ఆనే చోటు నున్నగా అరిగిపోయింది. జారుతుంది, జాగ్రత్త.