గోడకు ఇవతలి ఊపిరి

నేను మాట్లాడనని మా ల్యాబ్‌లో అందరికీ తెలుసు. ఒక్కరోజు మాట్లాడాను. అందుకు ఇప్పటిదాకా క్షమాపణ అడగలేదు, అడగను కూడా.

మాది యూనివర్సిటీలో రాడార్, మైక్రోవేవ్ పరిశోధన బృందం. పేరు పెద్దదే కానీ మనుషులం నలుగురమే. సారు, పీహెచ్‌డీ చివరికొచ్చిన అక్క, ప్రాజెక్టులో చేరి ఏడాదిన్నరైన నేను, రిటైర్మెంటు దగ్గరపడ్డ అటెండర్. అటెండర్‌ను మేము కాకా అని పిలుస్తాం.

మేము చేస్తున్నది మట్టి కింద, కూలిన గోడ కింద బతికున్న మనిషిని కనిపెట్టే పెట్టె. ఊపిరి తీసినప్పుడు ఛాతీ కొద్దిగా కదులుతుంది. పెట్టె వదిలిన తరంగం దానికి తగిలి తిరిగొస్తే, అందులో ఆ కదలిక దొరుకుతుంది. కంప్యూటర్ తెర మీద అది మెల్లగా లేచి పడే అలలా కనిపిస్తుంది.

నేను చేరిన కొత్తలో ఇదంతా బాపుకు చెప్పాను. బాపు కేతేపల్లి దగ్గర మా ఊళ్లో బావుల పూడిక తీసే పనికి పోతాడు.

"అంటే ఒడ్డు కూలి నా మీద పడితే, నేను బతికున్ననో లేదో మీ పెట్టె చెప్తదా బిడ్డా?"

"చెప్తది బాపూ."

"మంచిగనే ఉంది. తప్పు జాగల తవ్వకుంట ఉంటరు."

మా చిన్నబాపు మీద ఒడ్డు కూలినప్పుడు రెండు చోట్ల తవ్వారు. మొదట తవ్వింది తప్పు జాగా. మా ఇంట్లో ఆ మాట ఎవరూ పైకి అనరు. ఆ రోజు బాపు అన్నాడు. తెలంగాణ వచ్చిన ఏడు నేను ఏడో తరగతి; అంతకు ముందరి సంగతి అది. బాపు మాత్రం నిన్న జరిగినట్టు అన్నాడు.

యూనివర్సిటీ వెనక గుట్ట కింద ఒక పాత రాతి గోదాము ఉంది. గోడలు మూరెడు మందం. కాక లోపల స్టూలు మీద కూర్చుంటాడు. బయట గోడకు ఎదురుగా స్టాండు మీద యాంటెన్నా, దాని వెనక రెండడుగుల దూరంలో బల్ల, ల్యాప్‌టాప్, నేను. ఒక్కో కొలత ఐదు నిమిషాలు; దాన్నే రన్ అంటాం. మొదట్లో బాకా మూతి లాంటి బరువైన యాంటెన్నా వాడేవాళ్లు. అక్క రెండేళ్లు కష్టపడి అరచేతిలో పట్టేంత పలుచని యాంటెన్నా తయారు చేసింది. దాంతోనే ఆమె థీసిస్.

రన్ వివరాలు నోట్‌బుక్‌లో రాసే పని నాది. డైరీ రాసే అలవాటు వల్ల కావచ్చు, అక్కర్లేనివి కూడా రాస్తాను. మబ్బు పట్టింది, కాక దగ్గాడు, కాక కునుకు తీస్తున్నాడు.

"ఇది నోట్‌బుక్కా, నవలనా?" అని అక్క నవ్వేది.

మా ప్రాజెక్టును పరీక్షించే రివ్యూ కమిటీ రావడానికి నాలుగు రోజులున్నాయి. పొద్దున పదకొండు గంటలకు రన్ నడుస్తోంది. తెర మీద అల ఎంత అందంగా ఉందంటే అక్క వంగి చూసి, "చూడవే, కాక ఎంత నిమ్మళంగ ఉన్నడో" అంది.

"ఎవలు నిమ్మళంగ ఉన్నరు?"

వెనక్కి తిరిగి చూస్తే కాక. చేతిలో మూడు చాయ్ గ్లాసులు.

"నువ్వు లోపల లేవా కాకా?" అంది అక్క.

"లేచొచ్చి శానసేపాయె. గా స్టూలు మీద నడుము పడిపోతాంది." కాక తెరకేసి చూశాడు. "నేను గీడుంటే, గాడ ఊపిరి తీసేటోడు ఎవడమ్మా?"

ముగ్గురం నవ్వాం. పిల్లి దూరిందేమోనని కాక లోపలికెళ్లి చూసొచ్చాడు. ఏమీ లేదు. అక్క ఆ రన్‌ను తీసేయమంది. తీసేయలేదు. నోట్‌బుక్‌లో, "కాక చాయ్‌కి వెళ్లాడు. అల ఆగలేదు" అని రాశాను.

సాయంత్రం హాస్టల్లో పాత ఫైళ్లు ఒకపక్క, నా డైరీ ఒకపక్క పెట్టుకుని కూర్చున్నాను. ఒకనాడు ఆలస్యమై గేటు నుంచి పరుగెత్తుకుంటూ వచ్చానని డైరీలో ఉంది. ఆ రోజు మొదటి రన్‌లో స్టూలు మీద కూర్చున్న కాక ఊపిరి, పరుగెత్తిన మనిషిలా వేగంగా ఉంది. నాకు జలుబు చేసిన వారం తెర మీద తుమ్ములున్నాయి. నేను సెలవు పెట్టిన రెండు రోజులూ గీత దాదాపు చదునుగా ఉంది. అక్కకు రన్ మొదలుపెట్టి ఫోన్ మాట్లాడుతూ బయటికి పోయే అలవాటు. ఆ రెండు రోజుల ఫైళ్ల మీద "కేబుల్ లూజు" అని రాసి పక్కన పెట్టేసింది.

మర్నాడు అందరికంటే ముందు వెళ్లాను. కాకను గేటు దగ్గరే ఉండమన్నాను. లోపల ఖాళీ స్టూలు. రన్ పెట్టాను, అల వచ్చింది. ఊపిరి బిగబట్టాను. గీత చదును. వదిలాను. అల లేచింది. మూడుసార్లు చేశాను. మూడోసారి నవ్వొచ్చి, మధ్యలోనే ఆగిపోయింది.

పలుచని యాంటెన్నా ముందుకే కాదు, వెనక్కి కూడా కొంత తరంగాన్ని వదులుతుంది. ముందుకు పోయినదాన్ని పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ రాతి గోడ మింగేస్తుంది. వెనక్కి వచ్చినదానికి అడ్డం ఏమీ లేదు, నేను తప్ప. ఏడాదిన్నరగా మేము కొలిచింది గోడ అవతలి కాకను కాదు, ఇవతల చప్పుడు చేయకుండా కూర్చున్న నన్ను.

అక్కకు చూపించాను. ఆమె ముఖం తెల్లబోయింది. తర్వాత కోపం వచ్చింది.

"అన్ని రన్‌లు గట్లనే ఉండవు."

"నేను చూసినవన్నీ గట్లనే ఉన్నయక్కా."

"ఏడాదిన్నర నోరు తెరవనిదానివి, తెరిస్తే గిప్పుడా? నాలుగొద్దులు ఆగితే ఏం పోతుండె నీకు?"

సారు మాత్రం శాంతంగా విన్నారు. "మంచి పరిశీలనమ్మా. రివ్యూ అయ్యాక తప్పకుండా సరిచేద్దాం. ఆ రోజు నువ్వు రోజూ కూర్చున్నట్టే కూర్చో." రోజూలాగే అని ఆయన ఎందుకన్నారో నాకు తెలియదు. అడగలేదు.

రివ్యూ రోజు ముగ్గురు సభ్యులు వచ్చారు. అక్క వాళ్లమ్మ మగ్గం మీద నేసిన నారాయణపేట చీర కట్టుకొచ్చింది. ఆ చీర వైపు చూడకుండా ల్యాప్‌టాప్ తెరిచాను. కాక లోపలికి వెళ్లాడు. నేను బల్ల ముందు కూర్చున్నాను. నన్నెవరూ చూడలేదు, ఎప్పటిలాగే.

అల లేచింది. సభ్యుల్లో పెద్దాయన తలాడించి, "మూరెడు గోడలోంచి ఇంత స్పష్టంగానా? ఫైర్ సర్వీసు వాళ్లకు ఎప్పుడివ్వగలరు?" అన్నాడు.

ఎప్పుడివ్వగలరు. అది ఎవరి బావి గడ్డ మీదో పెడతారు. వెనక నిలబడ్డవాడి ఊపిరి చూసి, ఇక్కడే ఉన్నాడు తవ్వండి అంటారు.

నేను ఊపిరి బిగబట్టాను. గీత చదునైంది. సారు కేబుల్ వైపు చేయి చాపారు.

"కేబుల్ కాదు సార్" అన్నాను. అనగానే అల మళ్లీ లేచింది. లేచి నిలబడ్డాను. "అది కాక ఊపిరి కాదు, నాది. కాకా, జర బయటికి రా!"

కాక చెప్పులీడ్చుకుంటూ వచ్చి నా పక్కన నిలబడ్డాడు. నన్ను మళ్లీ కూర్చోమన్నాడు పెద్దాయన. కూర్చున్నాను. లోపల ఎవరూ లేరు. తెర మీద అల నడుస్తూనే ఉంది, వేగంగా, ఎగుడుదిగుడుగా. నా గుండె దడ అందరికీ కనిపిస్తోంది. కనిపించనీ అనుకున్నాను.

"చాయ్‌నాడే చెప్పిన గదా నేను" అన్నాడు కాక, ఎవరూ అడగకుండానే.

కమిటీ మళ్లీ కొలిచి చూపమని రాసి వెళ్లిపోయింది. అక్క థీసిస్ వెనక్కి పడింది. ఆమె తన కుర్చీని ల్యాబ్ అవతలి మూలకు జరుపుకుంది. అది నాకు బాధే. ఆ బాధ, నేను చేసింది తప్పనడానికి సాక్ష్యం కాదు. సారు ఒకరోజు పిలిచి, "ఆ నోట్‌బుక్ పేజీ కొంచెం శుభ్రంగా మళ్లీ రాయమ్మా, చాయ్ సంగతులవీ లేకుండా" అన్నారు.

"శుభ్రంగానే ఉంది సార్" అన్నాను. ఆ పేజీ ఇప్పటికీ అలాగే ఉంది, చాయ్‌తో సహా.

నెలన్నర తర్వాత పొడుగు కేబుల్ వచ్చింది. యాంటెన్నా వెనక తరంగాలను పీల్చే నల్లటి ఫోమ్ పెట్టాం. నా బల్ల ఇరవై అడుగుల అవతలికి పోయింది. రోజూ మొదటి రన్ ఖాళీ స్టూలుతో చేయాలి. ఆ నియమం నేను పెట్టిందే. సారు సంతకం చేశారు.

కొత్త రన్‌లలో కాక ఊపిరి కనీకనపడకుండా, గీత మీద చిన్న వణుకులా ఉంటుంది. మొదటిసారి అది కనిపించిన రోజు అక్క తన కుర్చీలోంచి లేచి వచ్చింది. చాలాసేపు చూసింది.

"గింతేనా?" అంది.

"గింతేనక్కా. కానీ ఇది కాకదే."

ఆమె కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. కూర్చున్నాక, "రెండో రన్ పెట్టు" అంది.

పోయిన వారం ఇంటికి ఫోన్ చేస్తే బాపు అడిగాడు, "ఏమాయె బిడ్డా, చెప్తాందా మీ పెట్టె?"

"ఇంకా చెప్తలేదు బాపూ."

"మరి చెప్తదంటివి గదనే!"

"తప్పు చెప్పిన. అది చెప్పేదాక దాన్ని ఏ బావి కాడికీ పోనియ్య."