పడమటి మూల గీత

జమ్మలమడుగు సమాధుల తోటలో భూకంపాలను నమోదు చేసే యంత్రాలు రెండు పెట్టాం, తూర్పు మూల ఒకటి, పడమటి మూల ఒకటి. మొన్న ఎవరికీ తెలియనంత చిన్నగా భూమి కదిలింది. ఆ ఊపు ఎక్కడ ఎంత పెరిగిందో చూస్తే, కింద మట్టి ఎంత లోతుందో అంచనా కట్టవచ్చు.

ఈ రోజు మధ్యాహ్నం ల్యాప్‌టాప్‌లో ఆ యంత్రాలు నమోదు చేసిన గీతలు చూస్తుంటే, అక్కడ గోతులు తవ్వే దావీదు వచ్చి పక్కన కూర్చున్నాడు. తూర్పున బండ పైపైనే ఉందని, పడమట మెత్తటి మట్టి చాలా లోతుందని గొప్పగా చెప్పాను.

"అది నా గడ్డపారకు ఎప్పుడో తెలుసు సార్," అన్నాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. "ఆ పెద్ద గీత యాడిది?"

"పడమటి మూలది. మెత్తమట్టిలో ఊపు పెరుగుతుంది."

"మా పాపను ఆడనే పెట్టినా సార్. బండ ఒత్తుకోకూడదని మెత్తని జాగా ఏరి పెట్టినా. మొన్న బిడ్డకు శానా ఊపు తగిలిందా?"

"లేదు దావీదన్నా, ఏమీ తగల్లేదు," అన్నాను, ల్యాప్‌టాప్ మూసేస్తూ.

ఇన్నేళ్ల ఉద్యోగంలో కళ్ల ముందున్న రికార్డును కాదనడం ఇదే మొదటిసారి. రేపు రిపోర్టులో మాత్రం ఉన్నది ఉన్నట్టే రాస్తాను. మీరైతే ఆయనకు ఏం చెప్పేవారు?