అడగకుండా పంపిన పాట

శనివారం ఉదయాల్లో మా అమ్మాయిని హులా క్లాసుకి తీసుకెళ్లడం నా వంతు. హులా అంటే హవాయి దీవుల నాట్యం. బళ్లో తన స్నేహితురాలు నేర్చుకుంటోందని పదకొండేళ్లప్పుడు తనూ చేరింది. కాలిఫోర్నియాలో మేముండే డబ్లిన్ నుంచి హేవర్డ్‌కి కొండలు దాటితే ఇరవై నిమిషాలు. ఒక చర్చి వెనక అద్దెకిచ్చే హాల్లో క్లాసు జరుగుతుంది. మొదటి ఏడాదంతా నేను పార్కింగ్‌లో కారులోనే కూర్చుని ఆఫీసు మెయిల్స్ చూసుకునేవాణ్ణి.

క్లాసు మొదలయ్యే తీరు మాత్రం ప్రతివారం తలెత్తి చూసేవాణ్ణి. పిల్లలూ పెద్దవాళ్లూ కలిసి ఇరవైమంది దాకా మూసిన తలుపు ముందు వరసగా నిలబడి, లోపలికి రానివ్వమని అడుగుతూ ఒక పాట ఎత్తుకుంటారు. టీచర్ లోపల వింటూ ఉంటుంది. ఆవిడకి సరిగా అడిగారనిపిస్తే లోపలినుంచి జవాబుగా ఇంకో పాట వస్తుంది, తలుపు తెరుచుకుంటుంది. లేకపోతే మళ్లీ మొదలుపెట్టాలి. ఒకసారి వానలో నాలుగుసార్లు పాడించింది. ఒక్క తల్లీ ఫిర్యాదు చేయలేదు.

ఆవిడని అందరూ కుము అని పిలుస్తారు, గురువు అని అర్థం. డెబ్బై దగ్గర వయసు. ఏదో స్కూల్లో వంటగది నడిపి రిటైరైంది. రెండో ఏడాది ఒకరోజు వచ్చి నా కారు అద్దం మీద తట్టింది. చేతులు ఖాళీగా ఉంటే లోపలికి వచ్చి సాయం చేయమంది. లోపల చాపమీద ఎండిన కాయలు గుట్టగా ఉన్నాయి. వాటిని కోసి, లోపలి గుజ్జు గీకి, డోళ్లు చేస్తారట. ఒకటి చేతిలోకి తీసుకోగానే గుర్తుపట్టాను. ఆనపకాయ. మాది విజయనగరం వైపు, చిన్నప్పుడు ఆనపబుర్ర నడుముకి కట్టుకునే ఈత నేర్చుకున్నాను. మా ఆవిడది వరంగల్, తను సొరకాయ అంటుంది, వేసవిలో మా పెరటి కంచె నిండా తీగ పాకిస్తుంది. ఆ మాట చెబితే కుము గీకడం ఆపి నా వైపు చూసింది. ఈసారి రెండు కాయలు కొయ్యకుండా తీగకే వదిలేయమంది.

వదిలేశాను. అవి ఎండడానికి చలికాలమంతా పట్టింది. తల కోసి, నీళ్లు పోసి, గుజ్జు కుళ్లబెట్టి గీకుతుంటే ఆ కంపుకి మా ఆవిడ నన్ను ఇంట్లోకి రానివ్వలేదు. వసంతానికి నాకొక డోలు తయారైంది. మడిచిన గుడ్డమీద దాన్ని మెత్తగా దించితే బరువైన చప్పుడు, వేళ్లతో పక్కన కొడితే పొడి చప్పుడు. కుము నన్ను డోళ్లవాళ్ల వరసలో చివర కూర్చోబెట్టింది. పక్కన నిలబడి మా అమ్మాయి పాడేది. నాలుగో దెబ్బ దగ్గర నేను ప్రతిసారీ వెనకబడేవాణ్ణి. తను కళ్లతోనే నవ్వేది. పన్నెండేళ్లు దాటిన కూతురు నాతో అలా నవ్వే చోటు అప్పటికి అదొక్కటే.

ఆ ఏడాది కుము మాకు ఒక పాట నేర్పింది. అది వాళ్ల ఇంటి పాట అనీ, వాళ్ల నానమ్మ కట్టిందనీ చెప్పింది. అర్థం మీకు తర్వాత చెబుతాను, ముందు గొంతుల్లోకి రానివ్వండి అంది. ఫోన్లో రికార్డ్ చేయొద్దు అంది. అంతకుముందు ఏ పాటకీ ఆవిడ అలా అనలేదు.

నేను రికార్డ్ చేశాను. చేతి తువ్వాలు కింద ఫోన్ పెట్టి, మొదటినుంచి చివరిదాకా. దురుద్దేశం లేదు. పిల్లలకి రెండుసార్లు వింటే వచ్చేస్తుంది, నాకు రాదు. అందరిముందూ తప్పు కొట్టి కూతురి ముందు చిన్నబోవడం ఇష్టం లేక ఆఫీసుకి వెళ్లేటప్పుడు కారులో వింటూ ప్రాక్టీస్ చేశాను. మా కార్‌పూల్‌లో వచ్చే స్నేహితుడు అది విన్నాడు. కళ్లు మూసుకుని రెండుసార్లు విన్నాడు. "భలే ఉందిరా, నాకు పంపు" అన్నాడు. నాకు సంబరమేసింది. నా డోలు అందులో ఉంది మరి. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు పంపేశాను.

రెండు నెలల తర్వాత మా ఊరి తెలుగువాళ్ల వసంతోత్సవానికి ముగ్గురం వెళ్లాం. ఒక హైస్కూల్ ఆడిటోరియం. ఆ స్నేహితుడి భార్య పిల్లల కార్యక్రమాలు చూసుకునేది. ఏడో ఐటమ్‌కి స్టేజి మీద నీలం లైట్లు వేశారు. ఎనిమిదిమంది పిల్లలు ఆకుపచ్చ ప్లాస్టిక్ పీచు పావడాలు, మెడలో కాగితం పూలదండలతో వచ్చారు. స్పీకర్లలో మొదట సముద్రం హోరు వచ్చింది. తర్వాత కుము గొంతు.

ఆ గొంతు కింద సినిమా పాటల బీట్ కలిపారు. పాటలో ఒక మాట మూడుసార్లు వస్తుంది. ఆ మాట వచ్చిన ప్రతిసారీ పిల్లలు ఎగిరి గిర్రున తిరిగారు. జనం ఈలలు వేశారు. నేను ముందు సీటు అంచు పట్టుకుని కూర్చున్నాను. నా పక్కన మా అమ్మాయి కదలడం లేదు.

"నాన్నా, అది కుము వాయిస్" అంది మెల్లగా.

నేను ఫోన్ జేబులోకి తోశాను.

"నువ్వు రికార్డ్ చేశావా?"

"నాకు తెలీదు" అన్నాను. ఆ అబద్ధం అంత తేలిగ్గా ఎలా వచ్చిందో ఇప్పటికీ ఆశ్చర్యమే.

తను స్టేజి వైపే చూస్తూ, "ఫోర్త్ బీట్ లేట్ ఉంది. అది నువ్వే" అంది.

ఇంటికి వచ్చేటప్పుడు మా అమ్మాయి కారులో కిటికీ వైపు తిరిగి కూర్చుంది. మా ఆవిడకి సంగతి తెలియక రెండుసార్లు వెనక్కి తిరిగి, "ఏమైంది బిడ్డా, గట్ల కూసున్నవ్?" అని అడిగి ఊరుకుంది. తర్వాత వంటింట్లో అంతా చెప్పాను. తను గిన్నె పక్కన పెట్టి, పాట సంగతి కుముతో మాట్లాడుకోవచ్చు, పిల్లకి అబద్ధం ఎందుకు చెప్పావని అడిగింది.

మర్నాటికి వీడియో ఆన్‌లైన్‌లో ఉంది. స్నేహితుడికి ఫోన్ చేసి తీసేయమన్నాను. మొదట నవ్వాడు. జనానికి ఎంత నచ్చిందో చెప్పాడు. మన పాటలు ప్రపంచమంతా వాడుకోవడం లేదా అన్నాడు. ఆరు వారాలు పిల్లలు కష్టపడ్డారని, ఇప్పుడు తీసేస్తే తల్లులకి తను ఏం చెప్పుకోవాలని పక్కనుంచి వాళ్లావిడ బాధపడింది. మూడు రోజులు ఇలాగే నడిచింది. చివరికి తీసేశారు. అప్పటికే అది ఎన్ని ఫోన్లలోకి వెళ్లిందో ఎవరికీ తెలియదు. ఆ వారమంతా మా అమ్మాయి నాతో అవసరానికి మించి ఒక్క మాటా మాట్లాడలేదు.

శనివారం వచ్చింది. క్లాసు అయ్యాక కుముని పక్కకి పిలిచి చెబుదామని నా ఆలోచన. పార్కింగ్‌లో కారు ఆపగానే మా అమ్మాయి బెల్ట్ తీయకుండా కూర్చుంది.

"నేను ఇవాళ పాడను. లోపలికి రానివ్వమని ఎలా అడుగుతా? నువ్వు చెప్పాక అడుగుతా."

బతిమాలాను. వినలేదు. చివరికి దిగి వరసలో నిలబడింది గానీ పెదవులు బిగించుకుంది. ఆ పక్కన నేనూ నోరు తెరవలేకపోయాను. మిగతావాళ్లు పాట ముగించారు. లోపలినుంచి జవాబు రాలేదు. మళ్లీ పాడారు. రాలేదు. మూడోసారి గొంతులు గట్టిగా లేచాయి. పార్కింగ్‌కి అవతల కుక్కని తిప్పుతున్న ఒకాయన ఆగి చూస్తున్నాడు.

తలుపు తెరుచుకుంది. కుము గడపమీద నిలబడింది. కోపంగా లేదు. "రెండు గొంతులు తక్కువున్నాయి" అంది.

మా అమ్మాయి నన్ను చూడలేదు. నేలని చూస్తోంది. నేను వరస దాటి ముందుకి వెళ్లి, అందరూ వింటుండగా చెప్పేశాను. రికార్డ్ చేశానని, పంపానని, స్టేజి మీద వేశారని, కూతురు అడిగితే అబద్ధం చెప్పానని. చెబుతున్నంతసేపూ ఆవిడ నా మొహం మీదనుంచి చూపు తిప్పలేదు.

"వినిపించు" అంది.

వీడియో నా ఫోన్లో ఉంది. పెట్టాను. సముద్రం హోరు, బీట్, ఈలలు, అన్నీ ఆ వాకిట్లో చిన్న స్పీకర్‌లోంచి వచ్చాయి. ఆవిడ చివరిదాకా చూసింది. ఆపమంటుందేమోనని ఎదురుచూశాను. అనలేదు. అయిపోయాక ఆ పిల్లలకి ఇదేం పాటో తెలుసా అని అడిగింది. తెలియదన్నాను. నీకు, అని అడిగింది. నాకూ తెలియదన్నాను.

అప్పుడు అందరికీ చెప్పింది. వాళ్ల నానమ్మకి ఒక చెల్లెలు. పదిహేనేళ్ల పిల్ల. సముద్రపు ఒడ్డున రాళ్లకి అంటుకునే గుల్లలు ఏరడానికి వెళ్లింది. వెనకనుంచి అల వచ్చింది. దేహం దొరకలేదు. పాటలో మూడుసార్లు వచ్చే ఆ మాట ఆ పిల్ల పేరు. వాళ్ల ఇంట్లో ఆ పేరు వచ్చినప్పుడు కూర్చున్నవాళ్లు లేచి నిలబడేవారట.

స్టేజి మీద సరిగ్గా ఆ మాటకే ఎగిరిన పిల్లలు నా కళ్లముందున్నారు.

"నువ్వు దొంగవైతే నాకు తేలిగ్గా ఉండేది" అంది కుము. "నిన్ను కారులోంచి నేనే పిలిచాను."

తర్వాత మా అమ్మాయి భుజం మీద చెయ్యి వేసి, లోపలికి వెళ్లమంది. నన్ను రావద్దంది. ఎప్పటిదాకా అని అడిగే ధైర్యం చేయలేదు. తలుపు మూసుకుంది.

ఆ సాయంత్రం స్నేహితుడి ఇంటికి వెళ్లి ఆ చెల్లెలి సంగతి చెప్పాను. అతను చాలాసేపు టేబుల్ మీద గ్లాసు తిప్పుతూ కూర్చున్నాడు. వాళ్లావిడ మాత్రం లేచి లోపలికి వెళ్లి, ఎర్రబడిన కళ్లతో తిరిగొచ్చి, "నేను వెళ్లి ఆవిడ కాళ్లు పట్టుకుంటానండీ" అంది. అలాంటివి ఆవిడ ఒప్పుకోదని చెప్పాను. అయినా తను ఉత్తరం రాసింది. మా అమ్మాయి చేత పంపించింది. మూడు వారాలు జవాబు రాలేదు. ఆ మూడు వారాలూ నేను పార్కింగ్‌లోనే ఉన్నాను, మెయిల్స్ తెరిచినా చదవబుద్ధయ్యేది కాదు. కిటికీలోంచి డోళ్ల చప్పుడు వినిపించేది. నాలుగో దెబ్బ ఇప్పుడు సరిగ్గా పడుతోంది, నేను లేను కదా.

నాలుగోవారం కుము కబురు పంపింది. ఆ ఎనిమిదిమంది పిల్లల్నీ, తల్లుల్నీ తీసుకురమ్మంది. క్షమాపణలు వద్దు, పూలు తెమ్మంది.

వాళ్లొచ్చిన రోజు హాల్లో గాలి బిగుసుకుపోయినట్టుందని మా అమ్మాయి తర్వాత చెప్పింది. ఆ రోజూ నేను తలుపు దగ్గరే ఆగిపోయాను, కనబడినంత చూశాను. కుము పిల్లల్ని చాపమీద కూర్చోబెట్టి ఆ చెల్లెలి కథ చెప్పింది. తిట్టలేదు, నవ్వలేదు కూడా. ఒక పాప ఏడుపు మొదలుపెడితే, దాని ఏడుపు అయ్యేదాకా ఆగి మళ్లీ చెప్పింది. తర్వాత దండలు కట్టడం నేర్పడం మొదలుపెట్టింది. వెన్నుగా ఒక నార పట్టుకుని, దానిమీద పూలూ ఆకులూ పేర్చి, ఇంకో నారతో చుట్టుకుంటూ పోవాలి. పిల్లల చేతుల్లోంచి పూలు జారిపోతున్నాయి. స్నేహితుడి భార్య మూలన కూర్చుని, తల వంచుకుని, ఎవరూ చెప్పకుండానే కడుతోంది. మా ఊళ్లలో కనకాంబరాలు కట్టినట్టే, రెండు పూలు అటూ రెండు ఇటూ, ఒక మెలి, ఒక ముడి. కుము వెళ్లి ఆమె ముందు కూర్చుంది. మళ్లీ చేసి చూపించమంది. మొదటి ముడి జారింది. రెండోది పడింది. కుము తన నార తీసుకుని పక్కనే అదే ముడి వేయడానికి ప్రయత్నించింది, తప్పింది, మళ్లీ వేసింది. ఆ పూట అలా గడిచింది. వెళ్లేటప్పుడు ఆ దండలు ఎవరూ ఇంటికి తీసుకెళ్లకూడదని, అన్నీ సముద్రం దగ్గర వదలాలని చెప్పింది. ఆదివారం నాలుగు కార్లలో వెళ్లి వదిలొచ్చారు. నన్ను పిలవలేదు.

నన్ను మళ్లీ లోపలికి రానిచ్చింది వేసవి చివర్లో. ఒక్కణ్ణే తలుపు ముందు నిలబడి పాడమంది. పాడాను. జవాబు రావడానికి చాలాసేపు పట్టింది. ఎంతసేపో చెప్పలేను. వరస చివర నా చాప అలాగే ఉంది. నేనిప్పుడు మిగతా పాటలన్నిటికీ డోలు కొడతాను. ఆ ఒక్క పాట ఎత్తుకున్నప్పుడు మాత్రం డోలు పక్కన పెట్టి బయటికి వెళ్లిపోతాను. కుము వెళ్లమనలేదు, ఉండమనీ అనలేదు. మా అమ్మాయి ఆ పాటలో ముందు వరసలో ఉంటుంది. నాతో మళ్లీ మాట్లాడుతుంది, నవ్వుతుంది కూడా. కాకపోతే ఏదైనా చెప్పినప్పుడు ఒక్క క్షణం నా మొహం చూసి అప్పుడు నమ్ముతుంది.

మొన్న టెక్సస్‌లో, ఇర్వింగ్‌లో ఉండే మా కజిన్ ఒక వీడియో పంపాడు. మీ ఊరి పిల్లలట కదా, ఐటమ్ అదిరింది అని రాశాడు. అదే నీలం లైట్లు. అక్కడెవరో తమ పండక్కి దాన్ని చూసి మళ్లీ నేర్చుకుంటున్నారట. పావడాలకి పిల్లల కొలతలు కూడా తీసుకున్నారట. కజిన్ దగ్గర నంబర్ తీసుకుని ఆ నేర్పిస్తున్నావిడకి ఫోన్ చేశాను. ఆమె మర్యాదగా విని, కమిటీని అడిగి చెబుతానంది. ఇంకా చెప్పలేదు. ఆ పండక్కి పదకొండు రోజులు ఉంది. సోమవారం మళ్లీ ఫోన్ చేస్తాను. అప్పుడూ వినకపోతే టికెట్ బుక్ చేసుకుని వెళ్లి కూర్చుని చెప్పమని మా ఆవిడ అంటోంది. కుముకి ఈ సంగతి శనివారం చెప్పాను. దాచలేదు. ఆవిడ విని, చాపలు మడత పెట్టమని నా చేతికిచ్చింది.