కుంకుమ భరిణెలో బిరడా

మొన్న మంగళవారం, రథసప్తమి దగ్గర పడుతోంది కదా అని పూజ సామాను తోమడానికి చింతపండు నానబెట్టుకుని కూర్చుంటే, పక్కన చేరిన మా మనవరాలు ఒక్కొక్క వస్తువే పట్టుకుని అదేమిటి ఇదేమిటి అని వేధిస్తూ, నా కుంకుమ భరిణె మూత తీసి, అందులోంచి బొటనవేలంత ఇత్తడి మరను పైకి లాగి, "ఈజ్ దిస్ ఆల్సో ఎ గాడ్?" అంది. ఆ పిల్లను తప్పు పట్టడానికి లేదు. కొన్నేళ్ళ క్రితం దానికన్నా చాలా పెద్దవాళ్ళే, అన్నీ తెలిసినవాళ్ళే, ఆ వస్తువును దేవుడి దగ్గర పెట్టి అక్షతలు వేశారు. అది దేవుడూ కాదు, దేవుడి సామానూ కాదు. మా వారి పడవ అడుగున ఉండే చిల్లికి బిగించే బిరడా. పడవను అమ్మేసి మూడేళ్ళయింది కాని బిరడా మాత్రం నా కుంకుమలోనే ఉండిపోయింది, దాన్ని చూసినప్పుడల్లా నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆ రోజుల్లో ఈ కెనడాలో, మా బ్రాంప్టన్‌లో ఉన్న మీవంటి వాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. ఏ బేస్‌మెంట్ తలుపు తట్టినా చదువుకోవడానికి వచ్చిన మన పిల్లలే, ఏ సిటీ బస్సు ఎక్కినా వెనక సీట్లలో తెలుగే, ఇండియన్ స్టోర్‌కు గోంగూర వచ్చిందంటే మధ్యాహ్నానికల్లా ఖాళీయే. మా ఇంటి కింద కూడా ముగ్గురు ఆడపిల్లలు ఉండేవారు. వాళ్ళు ముగ్గురే కాని గుమ్మం దగ్గర బూట్లు పది జతలు ఉండేవి, ఎవరో ఒక స్నేహితురాలు ఇల్లు దొరికేదాకా అని వచ్చి రెండు నెలలు ఉండిపోయేది. వాళ్ళలో పెద్దపిల్లది జగిత్యాల వైపు. పగలు కాలేజీ, మిగిలిన వేళల్లో వేర్‌హౌస్‌లో పని, మధ్యలో ఎప్పుడైనా పైకి వచ్చి నా వంటింట్లో గట్టు మీద కూర్చుని చారు తాగి పోయేది. ఆ హడావుడి చాలదన్నట్టు, సరిగ్గా ఆ రోజుల్లోనే మా వారు పడవ కొన్నారు.

దానికి కారణం మా మామగారు. ఆయన గోదావరి మీద లాంచీ సరంగు. మా వారి చిన్నతనమంతా ఆయన పక్కన నిలబడి చుక్కాని చక్రం పట్టుకోవడంలోనే గడిచిందట, ఆ తర్వాత వంతెన వచ్చి లాంచీ పోయిందట, ఈయన కంప్యూటర్ చదువులో పడి అమెరికాలో పదేళ్ళు, ఇక్కడ ఇన్నేళ్ళు ఉద్యోగం చేస్తూ కూడా, ఏ వంతెన దాటుతున్నా కారు నెమ్మది చేసి కిందికి తొంగి చూసేవారు. వెనక కార్లవాళ్ళు హారన్లు కొట్టేవారు, నేను సిగ్గుతో తల దించుకునేదాన్ని. అరవై దగ్గర పడుతుండగా, మా ఇంటికి గంటన్నర దూరంలో, గ్రాండ్ నది ఒడ్డున ఒక చిన్న ఊళ్ళో ఎవరో ముసలాయన తన పాత పడవ అమ్ముతున్నాడని తెలిసి, నాతో ఒక్క ముక్క అనకుండా వెళ్ళి కొనేశారు. నన్ను తీసుకెళ్ళి చూపించినప్పుడు దాని రంగు పెచ్చులు రాలుతోంది. ఈయన మాత్రం పసుపు పూసి, బొట్లు పెట్టి, ముక్కు దగ్గర కొబ్బరికాయ కొట్టి, కళ్ళు తుడుచుకున్నారు. ఆ కొబ్బరి చిప్పల కోసం రకూన్‌లనే దొంగ జంతువులు వారం రోజులు తిరిగాయని, పడవలు నిలిపే ఆ యార్డు యజమానురాలు, డెబ్బై ఏళ్ళ తెల్లావిడ, మాకు ఫోన్ చేసి మరీ చీవాట్లు పెట్టింది.

ఈ దేశంలో పడవ ఉండటమంటే నాలుగు నెలలు తిరగడం, ఎనిమిది నెలలు దానికి బాలింతకు చేసినట్టు సేవ చేయడం. అక్టోబరు వచ్చిందంటే దాన్ని నీళ్ళలోంచి లాగి చక్రాల బండి మీద ఎక్కించాలి. ఇంజిన్‌లో చుక్క నీరు మిగిలినా గడ్డకట్టి ఇంజిన్ పగులుతుందని, లోపలంతా గడ్డకట్టని గులాబీరంగు మందు పోయాలి. పెట్రోలు పాడవకుండా అందులో ఇంకో మందు కలపాలి. బ్యాటరీలు మా లాండ్రీ గదిలోకి వచ్చేవి, మెత్తలు మా హాల్లోకి వచ్చేవి, చలికాలమంతా మా ఇంటికి వచ్చిన చుట్టాలు చేపల వాసన వేసే ఆ మెత్తల మీద కూర్చునేవారు. ఆఖరున పడవ మొత్తానికి తెల్లటి ప్లాస్టిక్ చుట్టి వేడిగాలితో బిగించేవారు. అంత శ్రద్ధ నా మోకాలి ఆపరేషన్ అప్పుడు చూపించి ఉంటే నేను ఇంకా ముందే నడిచేదాన్నని నేను అనేదాన్ని, ఆయన వినిపించుకునేవారు కారు.

వీటన్నిటిలోకీ ముఖ్యమైనది ఈ బిరడా. మంచు కరిగిన నీరు పడవలో నిలవకుండా కారిపోవడానికి చలికాలమంతా అడుగు చిల్లి తెరిచే ఉంచాలి, ఊడదీసిన బిరడాను స్టీరింగుకు కట్టి ఉంచాలి. అది యార్డు నియమం. సరంగు కొడుకు గారికి పడవకు చిల్లి ఉంచడమే అపశకునం, పైగా బిరడాను అక్కడే వదిలి రావడం తాళంచెవి తలుపుకే వేలాడదీసినట్టు అనిపించి, దాన్ని జేబురుమాలులో చుట్టి తెచ్చి నా చేతిలో పెట్టి జాగ్రత్త అనేవారు. అది ఆ పాత పడవకే ప్రత్యేకంగా చేసిన కొలతట, ఏ దుకాణంలోనూ దొరకదట. మా అమ్మ జాగ్రత్త చేయవలసినవన్నీ దేవుడి గూట్లో పెట్టేది. నేనూ అంతే, ఖాళీగా ఉన్న ఒక కుంకుమ భరిణెలో పెట్టి మరిచిపోయేదాన్ని.

మరిచిపోవడానికి వీల్లేని సంగతి ఒకటుంది. మన గోదావరికి వరద వచ్చే ముందు ఎర్రనీరు వచ్చి చెబుతుంది. ఈ నది ఏమీ చెప్పదు. ఫిబ్రవరిలోనో మార్చిలోనో రెండు రోజులు వెచ్చబడితే పైన మంచు ఫెళ్ళున విరిగి, ఆ గడ్డలన్నీ ఒక మలుపులో ఇరుక్కుని, వెనక నీరంతా గంటల్లో ఒడ్డెక్కి యార్డులోకి వస్తుంది. అప్పుడు పడవకు బిరడా బిగించి ఉంటే తేలుతుంది, లేకపోతే నిండి అక్కడే మునుగుతుంది. చలికి తీసి ఉంచాలి, వరదకు పెట్టి తీరాలి. ఇటువంటి వస్తువును డబ్బిచ్చి తెచ్చుకున్న మనిషితో నేను కాపురం చేశాను.

ఆ ఏడాది నేను కుంకుమ నోము పట్టాను. మా చెల్లెలు ఇండియా నుంచి పంపిన భరిణెలన్నీ ఒకే అచ్చు, ఆ చలికాలం నేను బిరడా పెట్టింది కూడా వాటిలోనే ఒకదాంట్లో. రథసప్తమి నాడు, జిల్లేడాకులు దొరకకపోయినా చిక్కుడుకాయలతో రథం కట్టి, పాలు పొంగించి, పదకొండు మంది ముత్తైదువలను పిలిచి తలా ఒక భరిణె వాయనం ఇచ్చాను. కుంకుమ నింపే పని కింది పెద్దపిల్ల చేసింది, ఎంతో ముచ్చటగా, అంచుల దాకా.

తర్వాత పదో రోజో ఏమో, ఉదయం ఎనిమిదింటికి మా వారు ఆఫీసు నుంచి ఫోన్ చేశారు. యార్డావిడ పిలిచిందట, మంచు విరిగిందట, తాను ఇటునుంచి ఇటే వెళ్తున్నానని, బిరడా తీసుకుని ఎవరి కారులోనైనా వెంటనే రమ్మని అన్నారు. నేను గూట్లోంచి భరిణె తీసి, మూత తెరిచి, కుంకుమలో వేలు పెట్టి కెలికాను. కుంకుమ తప్ప ఏమీ లేదు. అరచేతిలో బోర్లించాను. అయినా లేదు. మెట్ల దగ్గరికి వెళ్ళి కిందికి కేకేస్తే, అప్పుడే పని నుంచి వచ్చిన పెద్దపిల్ల పరుగున వచ్చి, సంగతి విని, తల పట్టుకుంది.

"నేనే నింపిన ఆంటీ. ఒకదాంట్ల ఇత్తడిది ఉండె. అది అండ్లనే ఉండాలేమో అనుకున్న."

పదకొండు మందిలో ఎవరి ఇంటికి పోయిందో తెలియదు. మా పేరంటాల వాట్సాప్ గుంపులో, దయచేసి అందరూ మీ భరిణెలు వెతికి చూడండి అని పెట్టాను. ఒకావిడ నమస్కారం బొమ్మ పెట్టింది, ఒకావిడ శుభోదయం అంటూ గులాబీలు పెట్టింది, ఒకావిడ నోము ఎంత బాగా జరిగిందో రాసింది. ఒక్కొక్కరికీ ఫోన్లు చేస్తూ తొమ్మిదో ఆవిడ దగ్గరికి వచ్చేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఆవిడ ఓక్‌విల్‌లో ఉండే వదినగారు, నాకన్నా పెద్ద, ఆచారం ఇసుమంత తప్పని మనిషి. ఏదో క్షేత్రం నుంచి తెచ్చిన యంత్రం కాబోలని దేవుడి దగ్గర పెట్టి రోజూ అక్షతలు వేస్తోందట.

పెద్దపిల్ల నిద్ర లేని కళ్ళతోనే కారు తీసింది. ఓక్‌విల్ ఎటూ దారిలోదే. నేను గుమ్మంలోనే నిలబడి ఇవ్వండి వదినగారూ అంటే, ఆవిడ కదలలేదు.

"ఇచ్చిన వాయనం వెనక్కి పుచ్చుకుంటారటమ్మా? మీ పసుపుకుంకాలకు మంచిది కాదు."

పడవ మునిగిపోతోందంటే, అందుకే మరీ మంచిది కాదంది. ఆఖరికి ఆవిడే దారి చూపించింది. తను తిరిగి నాకు వాయనం ఇస్తే దోషం లేదట. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, బూట్లు, మేజోళ్ళు విప్పించి, కాళ్ళకు పసుపు రాసి, బొట్టు పెట్టి, ఫ్రిజ్‌లోంచి తమలపాకులు తీసి, అరటిపళ్ళు కడిగి, వాటి మధ్య బిరడా పెట్టి, కొంగు పట్టమంది. ఇస్తినమ్మ వాయనం అని ఆవిడా, పుచ్చుకుంటినమ్మ వాయనం అని నేనూ, ముమ్మారు. ఆ మూడు మార్లూ నా కోటు జేబులో ఫోన్ మోగుతూనే ఉంది. ఫోన్ ఆగిపోయిన తర్వాత భయం ఇంకా ఎక్కువైంది.

మేము చేరేసరికి యార్డు సగం నదిలో ఉంది. దూరంగా ప్రవాహంలో మంచాలంత మంచు గడ్డలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి. పడవకు రెండు వైపులా చెట్లకు తాళ్ళు కట్టి ఉన్నాయి, నీటితో పాటు లేవడానికి వీలుగా వదులుగా, మా మామగారి పద్ధతిలో. మా వారు పడవ వెనక తొడల లోతు నీళ్ళలో వంగి, నేను పోరి పెట్టించిన మంకీ క్యాప్‌ను ఆ చిల్లిలో కూరి, రెండు చేతులతో అదిమి పట్టుకుని ఉన్నారు. పెదవులు నీలంగా ఉన్నాయి. గట్టు మీద నుంచి యార్డావిడ బయటికి రమ్మని అరుస్తోంది. ఎంతసేపటి నుంచి అలా ఉన్నారో అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఆ క్షణంలో నాకు పడవ మీద కోపం లేదు, బిరడా గుర్తు లేదు, ఈయన అలాగే కూలిపోతారేమోనన్న భయం ఒక్కటే ఉంది. పసుపు కాళ్ళతో, ఇంటి చీరతో, పైన చలికోటుతో నేనూ దిగిపోయాను. ఆ చలి ఎముకల్లోకి దిగింది.

"బిరడా తెచ్చావా?" అన్నారు, నన్ను చూసి.

ఆయన వేళ్ళు వంగడం లేదు. నీళ్ళలో చెయ్యి పెట్టి ఆ చిల్లి తడిమి పట్టుకుని, ఆయన చెప్పినట్టు తిప్పి తిప్పి నేనే బిగించాను. మరలో దూరిన కుంకుమంతా కరిగి నీళ్ళు ఎర్రబడితే, నెత్తురనుకుని గట్టు మీద యార్డావిడ కెవ్వుమంది. బయటికి లాగి, కారులో కూర్చోబెట్టి, హీటర్ పెట్టి, పెద్దపిల్ల ఆయన పాదాలు తన స్కార్ఫ్‌తో చుడుతుంటే నేను నోటికొచ్చినట్టు తిట్టాను. తిడుతూనే ఏడ్చాను. ఆయన మాత్రం కిటికీలోంచి పడవనే చూస్తున్నారు. అది మెల్లగా లేచి, బండిని వదిలి, తాళ్ళ మధ్య నిలకడగా తేలింది. నాన్న చూసి ఉంటే బాగుండేది అన్నారు.

ఆయన రెండు వారాలు జ్వరంతో పడుకున్నారు, ఎడమ కాలి వేళ్ళు రెండు ఇప్పటికీ మొద్దుబారే ఉన్నాయి. అయినా బుద్ధి వచ్చిందా అంటే, ఆ పడవను ఇంకో మూడేళ్ళు మేపారు. చివరికి నడుం వంగక అమ్మేసినప్పుడు, కొనుక్కున్న కుర్రజంట కోసం ఎక్కడో కొలత ఇచ్చి కొత్త బిరడా చేయించి ఇచ్చారు. పాతది ఎక్కడుందని నన్ను అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఇప్పుడు మా బేస్‌మెంట్ ఖాళీగా ఉంది. చదువుకు వచ్చే పిల్లలు తగ్గిపోయారు, పెద్దపిల్లకు ఇక్కడే ఉండిపోవడానికి పీఆర్ వచ్చి, పెళ్ళయి వేరే ఊరు వెళ్ళింది. వదినగారు కూతురి దగ్గరుందామని వాంకూవర్ వెళ్ళిపోయారు, అందుకని పేరంటానికి ఈసారి నలుగురిని కూడగట్టడమే కష్టంగా ఉంది. హాల్లో ఇప్పుడు సోఫా మెత్తలే, శుభ్రంగా, ఏ వాసనా లేకుండా ఉన్నాయి. మనశ్శాంతి కావాలని ఆ రోజుల్లో రోజుకు పదిసార్లు అనుకునేదాన్ని. అది ఇలా ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. మా వారు మాత్రం పడవ లేకపోయినా ఆ నదిలో నీటిమట్టం ఎంతుందో ఫోన్‌లో రోజూ చూస్తారు, ఎందుకండీ మీకది అని నేను రోజూ విసుక్కుంటాను.

మొన్న ఆ మంగళవారం కూడా బయట మంచు కరిగి చూరు నుంచి నీళ్ళు కారుతున్నాయి. మనవరాలి చేతిలోంచి బిరడా తీసుకుని మళ్ళీ భరిణెలో పెట్టి మూత వేస్తుంటే ఫోన్ మోగింది. మా వారే తీశారు. ఇంట్లో గాలి గొట్టాలు శుభ్రం చేస్తామని రోజూ విసిగించే డక్ట్ క్లీనింగ్ వాళ్ళు. అక్కర్లేదని పెట్టేశాక చూస్తే, అప్పటికే ఆయన ఒక కాలికి బూటు తొడుక్కుని ఉన్నారు. నేనేమో ఆ భరిణెను చింతపండు చేత్తోనే పట్టుకుని గుమ్మం దాకా వచ్చేశాను.