దీవిలో కంపెనీ, గౌలిపురాలో పని

2005. అమ్మకాల మీద వ్యాట్ పన్ను కొత్తగా వచ్చిన ఏడాది. సంతోష్‌నగర్‌లో మందుల షాపు పైనున్న నా ఆఫీసుకి కిరాణా వాళ్లూ ఇనుప సామాను వాళ్లూ పొద్దస్తమానం దాని గురించే అడగడానికి వచ్చేవారు. చార్టర్డ్ అకౌంటెంట్‌గా నాకది బాగా అలవాటైన ప్రపంచం. కొట్టు ఉంటుంది, సరుకు ఉంటుంది, బోర్డు ఉంటుంది. వ్యాపారం ఎక్కడుందన్న ప్రశ్నే రాదు.

ఆ ప్రశ్నను నా దగ్గరికి మొదట తెచ్చింది కరీం భాయ్, ఎస్తేరు.

కరీం భాయ్‌కి గౌలిపురాలో ఇంటి ప్లాన్లకు బ్లూప్రింట్లు తీసే దుకాణం ఉండేది. ఎస్తేరు ఒక ప్రభుత్వ రంగ ఫ్యాక్టరీలో డ్రాయింగ్ సెక్షన్‌లో చాలాకాలం పనిచేసి, స్వచ్ఛంద విరమణ తీసుకుంది. ఆ తర్వాత ఆటోక్యాడ్, అంటే కంప్యూటర్ మీద ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేర్, నేర్చుకుంది. ఇద్దరూ కలిసి వెబ్‌సైటు పెట్టారు. ఆస్ట్రేలియాలో ఇళ్లు కట్టేవాళ్లు చేత్తో గీసిన స్కెచ్‌లు పంపితే, వీళ్లు కొలతలతో సహా డ్రాయింగులు చేసి ఈమెయిల్‌లో పంపేవారు.

"మేడం, కంపెనీ పెట్టాలె. గానీ ఇక్కడ గాదు" అన్నాడు కరీం భాయ్, కూర్చుంటూనే. ఒక రంగుల బ్రోచర్ నా ముందు పెట్టాడు. ఏదో చిన్న ద్వీప దేశం. అక్కడ కంపెనీ రిజిస్టర్ చేయిస్తే పన్ను ఉండదని, అన్నీ తనే చూసుకుంటానని ఒక కన్సల్టెంటు చెప్పాడట.

"ఇంత హడావుడి ఎందుకు భాయ్?"

విషయం చెప్పాడు. వాళ్ల పనిలో సగం హెలెన్ అనే ఒక బిల్డర్ దగ్గర్నుంచే వచ్చేది. ఏడాది కాంట్రాక్టు ఇస్తానంటూ, మీ కంపెనీ ఏ దేశంలో రిజిస్టరైందని మెయిల్‌లో అడిగింది. అప్పటికి రిజిస్టరైన కంపెనీయే లేదు.

"గౌలిపుర అని రాస్తే ఏమనుకుంటది మేడం? గల్లీల గేదెలు కట్టేసుంటయి. గోరా లోగ్ భరోసా నహీఁ కరేంగే, తెల్లోళ్లు నమ్మరు."

ఎస్తేరు ఒళ్లోని చేతిసంచీ తీసి పక్కన పెట్టింది. బ్రోచర్ తన వైపు తిప్పుకుంది.

"ఆడ సంతకాలు ఎవరు పెడ్తరు అన్నా?"

"ఆడనే ఒక డైరెక్టర్‌ని ఇస్తరంట. నామినీ."

"ఎవరాయన?"

"మనకెందుకు ఎస్తేరమ్మా, ఖాళీ పేరుకే."

"గీసేది నేను, పేరేమో తెల్వనోనిదా? గట్లయితే నేనుండ అన్నా. మళ్ల ఏదన్న నౌకరీ చూస్కుంట."

కరీం భాయ్ ముఖం మాడిపోయింది. ఆమె లేకపోతే వ్యాపారమే లేదని ఆయనకు తెలుసు. ఆయన లేకపోతే తనకు ఒక్క గిరాకీ కూడా దొరకదని ఆమెకూ తెలుసు. కింద నుంచి చాయ్ తెప్పించాను.

చాయ్ తాగుతుండగా నాకు తెలిసింది చెప్పాను. కంపెనీ కాగితం ఏ దేశంలో పుట్టినా, నిర్ణయాలన్నీ ఇక్కడే జరుగుతుంటే మన ఆదాయపు పన్ను చట్టం దాన్ని ఇక్కడి కంపెనీగానే చూస్తుంది. పని గౌలిపురాలో, నిర్ణయం గౌలిపురాలో, దీవిలో ఉండేది పేరు మాత్రమే. పన్ను తప్పదు సరికదా, అక్కడి ఫీజులు అదనం. బయటి దేశంలో కంపెనీ పెట్టడానికి ఫెమా, అంటే విదేశీ మారకపు చట్టం, నిబంధనలు వేరే.

"కానూన్ బరాబర్ మేడం" అన్నాడాయన. "హెలెన్‌కేం చెప్పాలె?"

"ఆవిడ అసలెందుకు అడిగిందో ఆవిణ్ణే అడుగుదామా?" అన్నాను.

మర్నాడు పొద్దున నా ఆఫీసు ఫోన్ స్పీకర్‌లో పెట్టి హెలెన్‌కి కలిపాం. అక్కడ మధ్యాహ్నం. కరీం భాయ్ ఇంగ్లీషు తడబడుతూనే ఉన్నా, ఏదీ దాచలేదు. కంపెనీ ఇంకా లేదని, పెట్టబోతున్నామని, ఏ దేశంలో ఉంటే మీకు నమ్మకమని అడిగాడు.

ఆవిడ నవ్వింది. "మీ పని చూస్తూనే ఉన్నాను కదా, నమ్మకం ఎప్పుడో కుదిరింది" అంది. "అడిగింది మా లాయరు. కాంట్రాక్టు ఎవరి పేరు మీద రాయాలి, గొడవ వస్తే ఏ దేశపు చట్టం చూడాలి, అంతే." మళ్లీ తనే అడిగింది. "పునాది కొలత తప్పయితే నేను ఎవరికి ఫోన్ చేయాలి?"

కరీం భాయ్ నోరు తెరిచేలోగా ఎస్తేరు ముందుకు వంగింది. "ఎస్తేర్. ఐ డ్రా, ఐ ఆన్సర్" అంది, గట్టిగా.

"అయితే మీ పేరున్న కంపెనీయే కావాలి నాకు" అంది హెలెన్.

ఫోన్ పెట్టేశాక కరీం భాయ్ బ్రోచర్ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "చలో ఎస్తేరమ్మా, గౌలిపురనే రాద్దాం" అన్నాడు. ఆమె మొదటిసారి నవ్వింది.

నాకూ ఆ రోజు ఒక ముడి వీడింది. కంపెనీ ఎక్కడ రిజిస్టర్ కావాలన్నది ఒకటి, కాంట్రాక్టు ఏ చట్టం కింద నడవాలన్నది ఇంకొకటి. రెండూ ఒకచోటే ఉండాలని లేదు. వాళ్లకు కంపెనీ కన్నా సులువని, ఇద్దరి పేర్లతో హైదరాబాద్‌లోనే పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్ రిజిస్టర్ చేయించాం. తగాదా వస్తే హెలెన్ వాళ్ల చట్టమే వర్తిస్తుందని కాంట్రాక్టులో ఒప్పుకున్నాం. దాన్ని చూడ్డానికి అక్కడి లాయరు ఒకాయన్ని ఈమెయిల్ ద్వారానే కుదుర్చుకున్నాం.

కష్టమంతా బ్యాంకులో వచ్చింది. విదేశీ డబ్బు వచ్చిందని ఎఫ్ఐఆర్‌సీ అనే ధ్రువపత్రం బ్యాంకే ఇవ్వాలి. అక్కడి ఆఫీసరు, సరుకు ఎగుమతి చేసేటప్పుడు కస్టమ్స్‌లో ఇచ్చే షిప్పింగ్ బిల్లు అడిగాడు.

"సామాను లేదు సార్, డ్రాయింగులు" అన్నాడు కరీం భాయ్.

"అవి ఏ ఓడలో వెళ్లాయి?"

"వైర్లల్ల పోయినయ్ సార్!"

ఆఫీసరు చూడకుండా నేను తల తిప్పుకుని నవ్వుకున్నాను. చివరికి ఇన్వాయిసులూ, కాంట్రాక్టూ, పంపిన మెయిళ్లూ చూపించాక ఆయన ధ్రువపత్రం ఇచ్చి, తనే ఆసక్తిగా, "ఇంట్లో కూర్చుని మా తమ్ముడు కూడా ఇలాంటి పని చేయొచ్చా?" అని అడిగాడు.

ఆ ఏడాదే ఒక తప్పు జరిగింది. మెట్ల కొలత ఒకచోట సరిపోలేదు. హెలెన్ ఫోన్ చేసింది, ఎస్తేరు ఎత్తింది, తప్పు తనదేనని చెప్పి ఆ పూటే సరిచేసి పంపింది. కాంట్రాక్టు మరుసటి ఏడాదికీ సాగింది. దుకాణం వెనక గదిలో ఇంకో రెండు కంప్యూటర్లు, వాటి ముందు ఎస్తేరు నేర్పిన ఇద్దరు ఆడపిల్లలు చేరారు.

అన్నీ ఇక్కడే పెట్టాలని నేను అనను. తర్వాత కొన్నేళ్లకు మరో క్లయింటుకి సింగపూర్‌లోనే కంపెనీ పెట్టమని చెప్పాను. వాళ్ల మనుషులు అక్కడున్నారు, గిడ్డంగి అక్కడుంది, కస్టమర్ తలుపు కొడితే తీసేవాళ్లు అక్కడున్నారు. బ్రోచర్లు ఇప్పటికీ వస్తాయి, కాగితం ఇంకా నునుపుగా, బొమ్మలు ఇంకా అందంగా. పన్ను ఎక్కడ తక్కువని అడుగుతూ ఎవరైనా వస్తే ముందు కుర్చీ చూపించి, చాయ్ చెప్పి, ఒక్కటే అడుగుతాను: మీ కస్టమర్ ఫోన్ చేస్తే ఎత్తే మనిషి ఎక్కడ కూర్చుంటారు?